సిబిల్ 588తో కారు కొనడం: కన్సల్టెన్సీ చెప్పే పన్నెండు శాతం పన్నెండు కాదు

మీరు చెప్పింది ముందు క్లుప్తంగా రాస్తాను, మీలాంటి పరిస్థితిలో ఉన్న ఇంకెవరికైనా పనికొస్తుంది. తెనాలిలో ఉంటారు. జీతం చేతికి 34 వేలు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నెలకు రెండుసార్లు విజయవాడ హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. ఇద్దరు పిల్లలు, ఉన్నది ఒక బైకు. సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరును బట్టి వచ్చే మార్కు) 588, రెండు బ్యాంకులు కాదన్నాయి. ఇప్పుడు కార్ల కన్సల్టెన్సీ (పాత కార్లు అమ్మిపెట్టే షాపు) ఆయన ఒకరు 2018 మోడల్ స్విఫ్ట్‌ని 4 లక్షల 20 వేలకు చూపించి, "లక్షా ఇరవై వేలు కట్టండి, మిగతా మూడు లక్షలు నేను ఫైనాన్స్ చేయిస్తాను, స్కోరుతో పనిలేదు, వడ్డీ పన్నెండు శాతమే, నెలకు 11,333 చొప్పున 36 నెలలు" అన్నారు. తీసుకోవచ్చా అని అడిగారు.

వద్దు. కారు వద్దని కాదు, ఆ లోను వద్దు.

నేను పద్నాలుగేళ్లు వాహనాల ఫైనాన్స్ కంపెనీల్లో పనిచేశాను. మొదట్లో కలెక్షన్, తర్వాత క్రెడిట్. అంటే మొదటి ఐదేళ్లు బాకీల కోసం ఇళ్ల చుట్టూ తిరిగాను, ఆ తర్వాత ఎవరికి లోను ఇవ్వాలో ఎవరికి వద్దో ఫైళ్ల మీద రాశాను. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా బావమరిది గ్యారేజీలో లెక్కలు చూసుకుంటున్నాను. ఎవరి బండీ అమ్మిపెట్టను కాబట్టి నాకు ఇందులో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు.

ముందు ఆ పన్నెండు శాతం సంగతి. మూడు లక్షల మీద పన్నెండు శాతం అంటే ఏడాదికి 36 వేలు, మూడేళ్లకు 1,08,000. అసలుతో కలిపి 4,08,000. ముప్పై ఆరుతో భాగిస్తే 11,333. ఆయన లెక్కలో తప్పేం లేదు, కాలిక్యులేటర్ పెట్టి చూపిస్తాడు కూడా. చిక్కంతా ఎక్కడుందంటే, మొదటి కిస్తీ నుంచే మీరు అసలు కొంత కొంత తిరిగి ఇచ్చేస్తున్నారు. మూడో ఏడు చివరికి వచ్చేసరికి వాళ్ల డబ్బు మీ దగ్గర ఉండేది పాతిక ముప్పై వేలు. వడ్డీ మాత్రం ఆ నెలలో కూడా మూడు లక్షల మీదే కడుతుంటారు. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది ఏడాదికి దాదాపు 21 శాతం. మనవాళ్ల భాషలో చెప్పాలంటే రూపాయి ముప్పావు వడ్డీ. నిజంగానే తగ్గే బాకీ మీద పన్నెండు శాతమైతే మీ కిస్తీ 9,964 ఉండాలి, మూడేళ్ల వడ్డీ మొత్తం 58,700 దగ్గర ఆగాలి. తేడా 49 వేల పైచిలుకు. ఒక పాత మారుతీకి ఇంజిన్ పని చేయించి, నాలుగు టైర్లు మార్పించుకునేంత డబ్బు.

ఇందులో మనవాళ్లు ఎందుకు పడతారో నాకు తెలుసు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ విని విని ఉంటాం. "రూపాయి వడ్డీయే సార్" అనేసరికి ధర్మవడ్డీలా వినిపిస్తుంది. ఊళ్లో అప్పిచ్చినాయన అసలు మొత్తం మీ దగ్గర ఉన్నన్నాళ్లు వడ్డీ తీసుకుంటాడు, సగం తీరిస్తే మిగిలిన సగం మీదే లెక్కేస్తాడు. ఇక్కడ ఆ మర్యాద లేదు.

వాదన పెట్టుకోనక్కర్లేదు. ఒక్క కాగితం అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి లోన్లు అన్నిటికీ సంతకానికి ముందే 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా ఇవ్వాల్సిందే. అందులో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, కంపెనీ తీసుకునే ఇతర చార్జీలు కలుపుకుని మీకు ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. "అది తర్వాత మెయిల్‌కి వస్తుంది" అంటే లేచి వచ్చేయండి.

ఇంకో లోపలి మాట. లోను చేయించినందుకు కన్సల్టెన్సీకి ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే కమీషన్‌ని పేఅవుట్ అంటారు. చాలా చోట్ల వడ్డీ ఎంత ఎక్కువ పడితే పేఅవుట్ అంత పెరుగుతుంది. కారు మీద ఆయనకు పాతిక వేలు మిగిలితే లోను మీద ఇంకో పది మిగలొచ్చు. నగదు ఇచ్చి కొంటాను అన్నప్పుడు కొందరి మొహం ఎందుకు మాడుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 'లోన్ ప్రొటెక్షన్' అని ఒక ఇన్సూరెన్స్ పాలసీ కూడా లోనులోనే కలిపేస్తారు. అది మీకు ఇష్టమైతేనే. వద్దని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇక మీ జీతం. 34 వేలలో 11 వేలు కిస్తీకి పోతే, పెట్రోలు, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి నెలకు 15 వేలు కారే తినేస్తుంది. స్కోరు 588 ఉన్న ఇంట్లో ఇప్పటికే ఎక్కడో ఇబ్బంది ఉందని నా అనుభవం. మిమ్మల్ని చిన్నబుచ్చడానికి అనడం లేదు. రెండు మూడు కిస్తీలు బౌన్స్ అయితే ఏమవుతుందో నేను అవతలి వైపు నుంచి చూశాను. గుంటూరు జిల్లాలో ఒక పొద్దున ఆల్టో ఒకటి సీజ్ చేశాం. యార్డుకి తెచ్చాక లోపలున్న సామాను జాబితా రాయాలి. జాకీ, స్టెప్నీ, డాష్‌బోర్డు మీద చిన్న వెంకటేశ్వరస్వామి. వెనక సీట్లో పిల్లాడి స్కూలు బ్యాగు, సగం తాగిన నీళ్ల బాటిల్. "బ్యాగు 1" అని నేనే రాశాను. ఆ బండి వేలంలో బాకీ కంటే తక్కువకు పోయింది. మిగతా బాకీ ఆయన పేరు మీదే నిలిచింది. చాలామందికి తెలియని సంగతి ఇదే: బండి పట్టుకుపోతే అప్పు తీరిపోయినట్టు కాదు.

మీ స్కోరు గురించి మీరు పెట్టిన వివరాల్లో నాకు మూడు కనిపించాయి. 2021లో క్రెడిట్ కార్డు బాకీ 46 వేలుంటే 20 వేలకు సెటిల్ చేసుకున్నారు. ఫోను కొన్న ఈఎంఐలో మూడు బౌన్సులు. ఒక లోన్ యాప్ అప్పు తీరిపోయిందనుకున్నారు గానీ రిపోర్టులో ఇంకా 1,180 రూపాయలు బాకీ చూపిస్తోంది. ఈ మూడూ ఒక్కలాంటివి కావు.

1,180 రూపాయలది అన్నిటికంటే తేలిక. ఈ వారమే కట్టేసి, బాకీ ఏమీ లేదన్న నో డ్యూ సర్టిఫికెట్ మెయిల్‌లో తెప్పించుకోండి. క్రెడిట్ విభాగంలో ఫైలు చూసేవాడికి మొత్తం ఎంత అన్నది రెండోమాట, 'ఓవర్‌డ్యూ' (గడువు దాటిన బాకీ) అన్న మాట కనిపిస్తే చాలు, ఫైలు పక్కకు పోతుంది. నేనే అలా పక్కన పెట్టినవి లెక్కలేనన్ని. నిజంగా కట్టేసినదే తప్పుగా చూపిస్తుంటే సిబిల్ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం అమల్లో ఉంది.

క్రెడిట్ కార్డు సెటిల్మెంటే అసలు ముల్లు. సెటిల్ అంటే తీరిపోయిందని మనం అనుకుంటాం. బ్యాంకు దృష్టిలో అది 'మా డబ్బు 26 వేలు ఎగ్గొట్టాడు, పోనీలే అని వదిలేశాం' అని. ఆ బ్యాంకుకే రాసి, మిగతాది కడితే 'క్లోజ్డ్' అని మారుస్తారా అని అడగండి. చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి, కొన్ని వడ్డీ మీద బేరానికీ వస్తాయి. ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ఫోను బౌన్సులకు మందు లేదు. నెలనెలా కట్టిన తీరు 36 నెలల వరకు రిపోర్టులో కనిపిస్తుంది, రోజులు గడిచేకొద్దీ దాని బరువు తగ్గుతుంది, అంతే.

రిపోర్టు చూసుకుంటే స్కోరు పడిపోతుందన్న భయం వద్దు. మన రిపోర్టు మనం చూసుకుంటే ఏమీ కాదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. దెబ్బ తగిలేది లోను కోసం పదిచోట్ల అప్లై చేసినప్పుడు. ఆ కన్సల్టెన్సీ ఆయన మీ ఆధార్, పాన్ తీసుకుని ఇప్పటికే నాలుగు కంపెనీల్లో ఫైలు పెట్టి ఉంటే ఆ నాలుగూ మీ రిపోర్టులో ఎక్కుతాయి. ఇంకెక్కడా పెట్టొద్దని ఈరోజే చెప్పండి. 'పదిహేను వేలిస్తే సిబిల్ క్లీన్ చేస్తాం' అనేవాళ్లకు పైసా ఇవ్వకండి. నిజంగా జరిగిన ఎగవేతను తుడిచేసే శక్తి వాళ్లెవరికీ లేదు. వాళ్లు పెట్టేది మీరు ఇంట్లో కూర్చుని పెట్టుకోగల ఫిర్యాదే.

ఇప్పుడు అసలైన ఉచ్చు. మీకు ఇంకా ఎదురుకాకపోతే త్వరలోనే అవుతుంది. "నాకు డబ్బు అవసరం వచ్చింది, లక్ష ఇవ్వండి, బండి తీసుకెళ్లండి, మిగతా కిస్తీలు మీరు కట్టుకోండి, స్కోరూ గీరూ ఏం అక్కర్లేదు" అనే పార్టీ. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు, ఇద్దరు సాక్షులు. స్కోరు తక్కువున్నవాళ్లకు దేవుడిచ్చిన దారిలా కనిపిస్తుంది. మా కంపెనీకి గుడివాడ వైపు నుంచి ఒకాయన ఇలాగే వచ్చాడు. ఇరవై రెండు కిస్తీలు ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా కట్టాడు, రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టుకున్నాడు. ఎన్‌ఓసీ (బండి మీద మాకు బాకీ లేదని కంపెనీ ఇచ్చే కాగితం) కోసం కౌంటర్ దగ్గరికి వస్తే, మొదటి ఓనరుకు మా దగ్గరే ట్రాక్టర్ లోను బాకీ ఉందని ఎన్‌ఓసీ ఆపేశారు. ఈయన కాగితాల్లో ఎక్కడా లేడు. కంపెనీకి ఈయనెవరో తెలియదు. కట్టిన కిస్తీలన్నీ ఆ మొదటి ఓనరు సిబిల్‌కే మేలు చేశాయి, ఈయన స్కోరు ఒక్క పాయింటు కూడా పెరగలేదు. ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా హెచ్‌పీలో (అంటే లోను కింద కంపెనీ తాకట్టులో) ఉన్న బండిని చేతులు మార్చడమే లోను అగ్రిమెంటుకు విరుద్ధం. ఎంత చవగ్గా వచ్చినా ఆ దారిలోకి వెళ్లకండి.

మరి ఏం చేయాలి? మీ స్థానంలో నేనుంటే ముందు క్యాబ్ లెక్క చూసుకుంటాను. నెలకు రెండు ట్రిప్పులు, వెయిటింగ్‌తో కలిపి 1,800 చొప్పున అనుకున్నా 3,600. పదకొండు వేల కిస్తీ కట్టగలను అనుకున్నారు కదా, అందులోంచి క్యాబ్ పోను ఏడెనిమిది వేలు ఆరు నెలలు వేరే ఖాతాలో వేయండి. ఇది కిస్తీకి రిహార్సల్ కూడా. నాలుగో నెలలోనే ఆ డబ్బు తీసి వాడాల్సి వస్తే, లోను తీసుకుని ఉంటే నాలుగో నెలలో బౌన్స్ అయ్యేదని అర్థం. ఆరు నెలలూ నిలబడితే మీ లక్షా ఇరవై లక్షా అరవై దాటుతుంది. ఈలోపు సిబిల్ పని జరుగుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి కాబట్టి మార్పు కనిపించడానికి పూర్వంలా నెలలు పట్టదు. ఓ ఇరవై వేలు ఎఫ్‌డీ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకుంటే స్కోరు అడగరు. దానిమీద నెలకు రెండు మూడు వేల సరుకులు కొని, బిల్లు మొత్తం గడువుకు ముందే కట్టేయడం. కార్డు చేతిలో ఉంటే ఆగలేను అనుకుంటే ఈ మాట మర్చిపోండి.

కారు మాత్రం స్విఫ్ట్ కాదు. 2014, 2015 మోడల్ పెట్రోల్ వ్యాగన్ఆర్ ఒకే ఓనరు నడిపినది రెండు, రెండున్నర లక్షల మధ్య దొరుకుతుంది. అంతకంటే పాతది చవగ్గా వస్తుంది గానీ సొంత కార్ల ఆర్‌సీ పదిహేనేళ్లకే, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్. బేరమాడేటప్పుడు ఒకటి గుర్తుచేయండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తవాటి ధర దిగినప్పుడు పాతవాటి ధర అక్కడే నిలబడకూడదు.

తక్కువపడే అరవై, డెబ్బై వేలకు బంగారం. ఇంట్లో ఆవిడ మనస్ఫూర్తిగా సరే అంటేనే సుమా. బ్యాంకులో గోల్డ్ లోను ముప్పావలా వడ్డీకి అటూఇటూగా వస్తుంది, తాకట్టు ఉంది కాబట్టి స్కోరు గురించి పెద్దగా పట్టించుకోరు. కడుతున్న తీరు సిబిల్‌కి వెళ్తుంది కనుక సక్రమంగా కడితే స్కోరుకు మేలే. నెలకు ఆరు వేలు కట్టుకుంటూ పోతే ఏడాదిలో నగలు ఇంటికొస్తాయి. బజార్లో కనిపించే ప్రైవేటు గోల్డ్ లోన్ బోర్డులు కాదు, మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లండి. ఆవిడకు సొంత సంపాదన, శుభ్రమైన స్కోరు ఉంటే ఆవిడ పేరు మీదే కారు, లోను రెండూ పెట్టుకోవడం మరో దారి. బంధువుల చేత హామీ సంతకం మాత్రం పెట్టించకండి, మీ బౌన్సు వాళ్ల రిపోర్టులోనూ పడుతుంది.

బండి చూసేటప్పుడు మన దగ్గర ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో మీకూ తెలుసు. వాటిలో కొన్ని కడిగి, పాలిష్ కొట్టి ఇప్పటికీ తిరుగుతున్నాయి. మా గ్యారేజీకి వచ్చాయి కూడా. పట్టుకోవడం ఇలా: ముందు సీటు బెల్టును చివరిదాకా, ఆగిపోయేదాకా బయటికి లాగండి. పైన శుభ్రంగా ఉన్నా, ఎప్పుడూ బయటికి రాని చివరి అడుగు పట్టీ మీద బురద చార కనిపిస్తుంది. సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయా, స్టెప్నీ ఉండే గుంతలో ఒండ్రు ఉందా చూడండి. లోపల అగరబత్తి, పెర్ఫ్యూమ్ వాసన ఘాటుగా ఉంటే ఇంకోసారి చూడండి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి రండి. ఓ ఐదారొందలిచ్చి మీ మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి, అమ్మేవాళ్ల మెకానిక్ వద్దు.

కాగితాలు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆర్‌సీ, ఇన్సూరెన్స్, హెచ్‌పీ వివరాలు వస్తాయి. హెచ్‌పీ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, తాకట్టు తీసేయడానికి వాడే ఫారం 35 చేతికొచ్చి, అది కొట్టేయించాకే మొత్తం డబ్బు ఇవ్వండి. పెండింగ్ చలాన్లు కూడా చూడండి. ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబరు చూసి మన ఆంధ్రా బండే అనుకోకండి, అవి విభజనకు ముందు హైదరాబాద్, రంగారెడ్డి నంబర్లు, బండి ఇక్కడికి మార్చడానికి ఆర్టీఓ ఎన్‌ఓసీ తెలంగాణ నుంచి రావాలి. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కణ్ణుంచి చవగ్గా వచ్చేవీ ఉంటాయి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ మార్పించుకునేసరికి ఆ చవక కాస్తా ఆవిరైపోతుంది.

ఓనరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని ఊరుకోకుండా వెంటనే పేరు మార్పించుకోండి. పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మారాలి, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు కాబట్టి కొంత తేడా కట్టాలి. పేరు మార్పుకు అమ్మేవాళ్లు కూడా సాధారణంగా ఒప్పుకుంటారు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది, అది వాళ్లకూ భయమే.

అన్నీ కుదిరాక, అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పని చేయండి. అమ్మగారిని తీసుకెళ్లి ఆ బండిలో ఎక్కించి దించి చూడండి. స్విఫ్ట్‌లో సీటు కిందికి ఉంటుంది, మోకాళ్లు వంచి లోపలికి దిగాలి. వ్యాగన్ఆర్‌లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. మా అమ్మ స్విఫ్ట్ ఎక్కిన ప్రతిసారీ పైన హ్యాండిల్ పట్టుకుని "ఒరేయ్, ఆగరా" అంటుంది.